బటారీ బేసిక్

బటారీ బేసిక్ అనునది అటారీ 2600 అనే పాత వీడియో గేమ్ యంత్రం కొరకు కొత్త ఆటలు వ్రాయడానికి ఉపయోగపడే ఉన్నత స్థాయి ప్రోగ్రామింగ్ భాష. దీనిని ఫ్రెడ్ క్వింబీ 2005లో రూపొందించాడు. "బటారీ" అనునది అంతర్జాలంలో అతడు వాడిన మారుపేరు. బేసిక్ భాషను పోలిన సులభమైన ఆదేశాలతో వ్రాసిన ప్రోగ్రామును ఈ సాధనం యంత్రానికి అర్థమయ్యే సంకేతాలుగా మార్చి, కార్ట్రిడ్జ్‌లో ఉంచదగిన ఫైలుగా తయారుచేస్తుంది. అసెంబ్లీ భాష తెలియనివారు కూడా ఈ యంత్రానికి ఆటలు వ్రాయగలగడం దీని ముఖ్య ప్రయోజనం.

వ్యాపార సంస్థల ప్రమేయం లేకుండా అభిరుచి గల వ్యక్తులు సొంతంగా తయారుచేసే ఆటలను హోమ్‌బ్రూ ఆటలు అంటారు. హోమ్‌బ్రూ అనగా ఇంటిలో తయారుచేసుకున్నది అని అర్థం. తయారీ నిలిచిపోయిన పాత గేమ్ యంత్రాలను రెట్రో కన్సోళ్ళు అని వ్యవహరిస్తారు. రెట్రో కన్సోళ్ళకు హోమ్‌బ్రూ ఆటలు వ్రాసే ఉన్నత స్థాయి సాధనాలలో బటారీ బేసిక్ ప్రసిద్ధమైనది.

నేపథ్యం

అమెరికాకు చెందిన అటారీ సంస్థ 1977లో వీడియో కంప్యూటర్ సిస్టమ్ అనే పేరుతో ఒక గేమ్ యంత్రాన్ని విడుదల చేసింది. 1982లో అటారీ 5200 వచ్చిన తరువాత పాత యంత్రానికి అటారీ 2600 అను పేరు స్థిరపడింది. దీని రూపకల్పనలో జో డెక్యూర్, స్టీవ్ మేయర్, రాన్ మిల్నర్, జే మైనర్ ముఖ్యులు. ఈ యంత్రం సుమారు 3 కోట్లు అమ్ముడుపోయింది. తయారీ 1992లో నిలిచిపోయింది.

తయారీ నిలిచిపోయినా యంత్రంపై ఆసక్తి నశించలేదు. 1990ల మధ్యభాగం నుండి అభిమానులు కొత్త ఆటలు వ్రాయడం మొదలుపెట్టారు. ఎడ్ ఫెడర్‌మేయర్ వ్రాసిన ఎడ్‌ట్రిస్ 2600 తొలినాటి హోమ్‌బ్రూ ఆటలలో ఒకటి. ఆ కాలంలో ఆట వ్రాయాలంటే అసెంబ్లీ భాష తప్ప వేరొక మార్గం ఉండేది కాదు. అందువలన ఆటలు వ్రాయగలవారు కొద్దిమందే ఉండేవారు.

ఈ యంత్రంలో బేసిక్ భాష అనే ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. 1980లో అటారీ సంస్థే బేసిక్ ప్రోగ్రామింగ్ అనే కార్ట్రిడ్జ్‌ను విడుదల చేసింది. దీనిని వ్రాసినవాడు వారెన్ రాబినెట్. అయితే ఆ కార్ట్రిడ్జ్‌లో ప్రోగ్రామును యంత్రంలోనే, యంత్రానికి ఉన్న అతి స్వల్పమైన మెమరీలోనే వ్రాసుకోవలసి వచ్చేది. అందుచేత కొన్ని పంక్తులకు మించిన ప్రోగ్రాము అందులో ఇమిడేది కాదు. బటారీ బేసిక్ పద్ధతి వేరు. ఇందులో ప్రోగ్రామును నేటి కంప్యూటరుపై వ్రాసి, అక్కడే యంత్ర సంకేతంగా మార్చి, ఫలితాన్ని మాత్రమే పాత యంత్రానికి అందిస్తారు. రెండింటికీ పేరులో పోలిక ఉన్నా స్వభావంలో పోలిక లేదు.

యంత్ర నిర్మాణం

బటారీ బేసిక్ చేసే మేలు తెలియాలంటే ముందుగా అటారీ 2600 నిర్మాణాన్ని కొంత తెలుసుకొనవలెను. ఇందులోని ముఖ్య భాగాలు ఇవి:

* 6507 ప్రాసెసర్: ఇది ప్రసిద్ధమైన 6502 ప్రాసెసర్‌కు తగ్గింపు రూపం. వేగం సుమారు 1.19 మెగాహెర్ట్జ్. ఇది 8 కిలోబైట్ల చిరునామాలను మాత్రమే గుర్తించగలదు. అందులో 4 కిలోబైట్లు కార్ట్రిడ్జ్‌కు కేటాయించబడ్డాయి.
* టియా చిప్: తెరపై చిత్రాన్ని, శబ్దాన్ని పుట్టించే చిప్. శబ్దానికి రెండు మార్గాలు ఉన్నాయి.
* రయట్ చిప్: 128 బైట్ల మెమరీ, కాలాన్ని లెక్కించే టైమరు, జాయ్‌స్టిక్ వంటి పరికరాలను చదివే సదుపాయం ఇందులో ఉన్నాయి.

యంత్రానికి ఉన్న చదివి-వ్రాసే మెమరీ మొత్తం ఈ 128 బైట్లే. ఇది ఎంత తక్కువో ఒక చిన్న లెక్క ద్వారా గ్రహించవచ్చును. తెరపై అడ్డంగా 160, నిలువుగా 192 చుక్కలు ఉన్నవనుకొంటే మొత్తం 30,720 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఒక బిట్ చొప్పున మాత్రమే కేటాయించినా 3,840 బైట్లు కావలెను. అది ఉన్న మెమరీకి 30 రెట్లు. కనుక తెరపై కనిపించే బొమ్మను మెమరీలో దాచుకొనడం ఈ యంత్రంలో అసాధ్యం.

చిత్రం గీసే విధానం

బొమ్మను దాచుకొనే చోటు లేనందున ఈ యంత్రంలో ప్రోగ్రామే తెరను గీతగీతకూ గీయించవలసి ఉంటుంది. పాతకాలపు టెలివిజన్‌లో ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుండి కుడికి, పై నుండి క్రిందికి గీతలు గీస్తూ పోతుంది. పుంజం ఒక గీతపైకి రాకముందే ఆ గీతలో ఏమి కనిపించాలో ప్రోగ్రాము టియా చిప్‌కు చెప్పవలెను. మగ్గంపై నేతగాడు పేకపోగు వెంట పోగు నేస్తూ అంచు రంగు ఎక్కడ మారాలో ఆ పోగు వేసే క్షణానికే తెలుసుకొని ఉండటం వంటిది ఇది. అయితే ఇక్కడ మగ్గం ఆగదు. నేతగాడు ఆలస్యం చేస్తే నేత చెడిపోతుంది.

అమెరికాలో వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఒక్కొక్క చిత్రం 262 గీతలతో ఏర్పడుతుంది. వాటి విభజన సాధారణంగా ఇలా ఉంటుంది:

* నిలువు సమన్వయ సంకేతం: 3 గీతలు
* చిత్రానికి ముందు ఖాళీ: 37 గీతలు
* కనిపించే చిత్రం: 192 గీతలు
* చిత్రం తరువాత ఖాళీ: 30 గీతలు

ఒక్కొక్క గీత గీయబడే కాలంలో ప్రాసెసర్‌కు 76 చక్రాల సమయం మాత్రమే దొరుకుతుంది. ఒక్కొక్క యంత్ర ఆదేశానికి కనీసం 2 చక్రాలు పడతాయి. సగటున 3 చక్రాలు అనుకొన్నా గీతకు సుమారు 25 ఆదేశాలకు మించి ఇమడవు. ఒక చిత్రానికి లభించే మొత్తం 19,912 చక్రాలలో 14,592 చక్రాలు, అనగా దాదాపు 73 శాతం, చిత్రాన్ని గీయించడానికే పోతాయి. ఆటకు సంబంధించిన లెక్కలన్నీ మిగిలిన ఖాళీ గీతల కాలంలోనే పూర్తి కావలెను. ఇది సెకనుకు సుమారు 60 సార్లు జరుగుతుంది.

టియా చిప్ ఐదు కదిలే వస్తువులను, ఒక నేపథ్యాన్ని చూపగలదు. అవి రెండు ప్లేయర్లు, రెండు మిస్సైళ్ళు, ఒక బంతి, ప్లేఫీల్డ్ అనే నేపథ్యం. ఒక ప్లేయర్ వెడల్పు 8 చుక్కలు. 1977 నాటి రూపకర్తల దృష్టిలో ఉన్నవి ఇద్దరు ఆటగాళ్ళు టాంకులతో పోరాడే ఆట, బంతిని బ్యాట్లతో కొట్టే ఆట వంటివి. వస్తువులకు ఈ పేర్లు రావడానికి కారణం అదే.

అసెంబ్లీ భాషలోని కష్టం

అసెంబ్లీ భాషలో ఆట వ్రాసేవాడు ఆటతోపాటు పైన చెప్పిన గీతల లెక్కను కూడా తానే చూసుకోవలెను. తెరను గీయించే ఈ ప్రోగ్రాము భాగాన్ని అటారీ ప్రోగ్రామర్లు కెర్నెల్ అంటారు. కెర్నెల్‌లో ఒక్క ఆదేశం ఎక్కువైతే బొమ్మ పక్కకు జరుగుతుంది. మొత్తం గీతల సంఖ్య మారితే తెర దొర్లిపోతుంది. కొత్తగా నేర్చుకొనేవాడు ఒక చతురస్రాన్ని తెరపై నిలకడగా నిలపడానికే వారాల తరబడి శ్రమించవలసి రావచ్చును. ఆట గురించిన ఆలోచన మొదలుకాకముందే ఉత్సాహం చల్లబడే ప్రమాదం ఉన్నది.

బటారీ బేసిక్ ఈ చిక్కును ఒక ఉపాయంతో పరిష్కరించింది. కెర్నెల్‌ను నిపుణుడు ఒక్కసారి వ్రాసి ఇస్తాడు. మిగిలినవారు దానిని ఉన్నదున్నట్లు వాడుకొంటారు. ఆట వ్రాసేవాడు వస్తువుల స్థానాలను, రంగులను, ఆకారాలను నిర్ణయించి "తెరను గీయుము" అని ఒక ఆదేశం ఇస్తే చాలును. ఆ ఆదేశం పేరు డ్రాస్క్రీన్.

పని చేసే విధానం

బటారీ బేసిక్ ఇంటర్‌ప్రెటర్ కాదు, కంపైలర్. అనగా ఆట నడిచేటప్పుడు బేసిక్ పంక్తులు చదవబడవు. అవి ముందే యంత్ర సంకేతాలుగా మారి ఉంటాయి. ఈ మార్పు రెండు దశలలో జరుగుతుంది:

* మొదటి దశలో బేసిక్ పంక్తులు 6502 అసెంబ్లీ భాషలోకి మార్చబడి, సిద్ధంగా ఉన్న కెర్నెల్‌తో కలపబడతాయి.
* రెండవ దశలో డాస్మ్ అనే అసెంబ్లర్ ఆ మొత్తాన్ని యంత్ర సంకేతంగా మార్చి కార్ట్రిడ్జ్ ఫైలును తయారుచేస్తుంది. డాస్మ్‌ను మొదట వ్రాసినవాడు మాథ్యూ డిల్లన్.

మధ్యలో ఏర్పడే అసెంబ్లీ ఫైలును తెరిచి చదవవచ్చును. తాను వ్రాసిన ఒక్క బేసిక్ పంక్తికి బదులుగా ఎన్ని యంత్ర ఆదేశాలు వచ్చాయో విద్యార్థి స్వయంగా చూడగలుగుతాడు. అవసరమైనచోట బేసిక్ ప్రోగ్రాము మధ్యలో అసెంబ్లీ పంక్తులను చేర్చే సదుపాయం కూడా కలదు.

భాషా లక్షణాలు

* చలరాశులు: ఏ నుండి జడ్ వరకు ఇంగ్లీషు అక్షరాల పేర్లతో 26 చలరాశులు ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక బైటు. కనుక 0 నుండి 255 వరకు మాత్రమే విలువలు నిలుస్తాయి. డిమ్ అనే ఆదేశంతో వీటికి అర్థవంతమైన పేర్లు పెట్టుకోవచ్చును.
* బిట్లు: ఒక చలరాశిలోని 8 బిట్లను విడివిడిగా వాడుకోవచ్చును. ఔను-కాదు అనే సమాచారానికి ఒక బైటు మొత్తం వృథా చేయనక్కరలేదు.
* భిన్నాలు: స్థిర బిందు సంఖ్యలు అనే పద్ధతిలో భిన్నాలను సూచించవచ్చును. చిత్రానికి అర చుక్క చొప్పున నెమ్మదిగా కదలవలసిన వస్తువులకు ఇవి అవసరం.
* నియంత్రణ: ఇఫ్-దెన్, ఫర్-నెక్స్ట్, గోటూ, గోసబ్ వంటి పరిచిత బేసిక్ ఆదేశాలు ఉన్నాయి.
* యాదృచ్ఛిక సంఖ్యలు: రాండ్ అనే పదం 1 నుండి 255 వరకు ఏదో ఒక సంఖ్యను ఇస్తుంది.
* స్కోరు: తెర క్రింది భాగంలో ఆరు అంకెల స్కోరు దానంతట అదే కనిపిస్తుంది.
* తాకిడి: రెండు వస్తువులు తాకినవా లేదా అని కొలిజన్ అనే ఆదేశంతో తెలుసుకోవచ్చును. ఈ పని టియా చిప్ స్వయంగా చేస్తుంది. ఆరు వస్తువులలో రెండేసి చొప్పున ఏర్పడే 15 జంటలకూ వేర్వేరు గుర్తులు ఉన్నాయి.

ప్రామాణిక కెర్నెల్‌లో నేపథ్యం అడ్డంగా 32, నిలువుగా 11 గళ్ళుగా కనిపిస్తుంది. తెరను జరపడానికి వీలుగా పన్నెండవ వరుస ఒకటి కనబడకుండా ఉంటుంది. గడికి ఒక బిట్ చొప్పున ఇందుకు 48 బైట్లు అవసరమవుతాయి. 128 బైట్లలో ఈ 48, చలరాశుల 26 పోగా మిగిలిన 54 బైట్లలోనే వస్తువుల స్థానాలు, స్కోరు, కెర్నెల్ తాత్కాలిక లెక్కలు మొదలైనవన్నీ సర్దుకోవలసి ఉన్నది.

ఆట నిర్మాణ క్రమం

ఉదాహరణకు తెరపై ఒక పక్షిని జాయ్‌స్టిక్‌తో కదిలించి, పండును తాకినప్పుడు స్కోరు పెంచే చిన్న ఆటను తీసుకొందాము. దాని నిర్మాణం ఈ క్రమంలో సాగుతుంది.

1. పక్షి ఆకారాన్ని ప్లేయర్0 గాను, పండు ఆకారాన్ని ప్లేయర్1 గాను నిర్వచించవలెను. ఒక్కొక్క వరుసను ఎనిమిది సున్నా-ఒకట్లతో వ్రాస్తారు. ఒకటి ఉన్నచోట చుక్క వెలుగుతుంది. వరుసలను తలక్రిందులుగా, అనగా క్రింది వరుసను ముందుగా వ్రాయవలెను.

2. రెండింటి అడ్డు, నిలువు స్థానాలను నిర్ణయించవలెను.

3. ఇక్కడి నుండి ఆట ముఖ్య వలయం మొదలవుతుంది. వలయం ప్రారంభంలో వస్తువుల రంగులను చెప్పవలెను. ప్లేయర్ల రంగులను కెర్నెల్ ఇతర పనులకు కూడా వాడుకొంటుంది. కనుక ప్రతి చిత్రానికి ముందు వాటిని మళ్ళీ చెప్పడం అవసరం.

4. డ్రాస్క్రీన్ ఆదేశంతో ఒక చిత్రాన్ని గీయించవలెను.

5. జాయ్‌స్టిక్ ఎడమకు వంగి ఉంటే పక్షి అడ్డు స్థానం నుండి 1 తీసివేయవలెను. కుడికి వంగి ఉంటే 1 కలపవలెను. పైకి, క్రిందికి కూడా ఇదే విధం. ప్రామాణిక కెర్నెల్‌లో నిలువు స్థానం పై నుండి క్రిందికి పెరుగుతుంది.

6. పక్షి, పండు తాకి ఉంటే స్కోరుకు 1 కలిపి, రాండ్ సహాయంతో పండును వేరొక చోటికి మార్చవలెను.

7. తిరిగి వలయం మొదటికి పోవలెను.

ఈ ఆట మొత్తం కొన్ని పదుల పంక్తులకు మించదు. అసెంబ్లీ భాషలో ఇదే ఆటకు కొన్ని వందల పంక్తులు అవసరమవుతాయి.

తరచుగా జరిగే పొరపాట్లు

ఈ భాషను కొత్తగా నేర్చుకొనేవారు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం యంత్ర స్వభావాన్ని మరచిపోవడం వలన కలిగేవే.

* సరిహద్దు మరచుట: బైటు విలువ 0 ఉన్నప్పుడు 1 తీసివేస్తే -1 రాదు, 255 వస్తుంది. అలాగే 255కు 1 కలిపితే 0 వస్తుంది. ఎడమ అంచు దాటిన పక్షి హఠాత్తుగా మాయమగుటకు, లేదా మరొకచోట ప్రత్యక్షమగుటకు కారణం ఇదే. స్థానాన్ని మార్చేముందే అంచును పరీక్షించవలెను.
* ఒకే సంఘటనను పలుమార్లు లెక్కించుట: వలయం సెకనుకు 60 సార్లు తిరుగుతుంది. రెండు వస్తువులు ఒక సెకను పాటు తాకి ఉంటే స్కోరు 1 కాక 60 పెరుగుతుంది. తాకిన వెంటనే ఒక వస్తువును తొలగించడమో, లెక్కించినట్లు ఒక బిట్‌లో గుర్తు పెట్టుకొనడమో చేయవలెను. బటన్ నొక్కుడుకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది.
* ఎక్కువ లెక్కలు చేయుట: ఒక డ్రాస్క్రీన్‌కు, తరువాతి డ్రాస్క్రీన్‌కు మధ్య ప్రామాణిక కెర్నెల్‌లో సుమారు 2,700 చక్రాల సమయం మాత్రమే లభిస్తుంది. అంతకు మించితే చిత్రంలో గీతల సంఖ్య 262 దాటి తెర అదురుతుంది. పెద్ద లెక్కను భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క చిత్రంలో పూర్తిచేయడం దీనికి పరిష్కారం.
* గుణకారం, భాగహారం: ఈ ప్రాసెసర్‌కు గుణించే ఆదేశం లేదు. 2, 4, 8 వంటి సంఖ్యలతో గుణకార భాగహారాలు చౌక. ఇతర సంఖ్యలతో చేసేవి ఖరీదైనవి. తగిన విలువలను ముందే పట్టికగా వ్రాసి ఉంచడం మేలు.

కెర్నెళ్ళు, పెద్ద ఆటలు

సిద్ధంగా ఉన్న కెర్నెల్‌ను వాడుకొనడంలో సౌకర్యంతోపాటు ఒక బంధనం కూడా ఉన్నది. కెర్నెల్ చూపగలిగినదే ఆటలో కనిపిస్తుంది. ఈ బంధనాన్ని సడలించడానికి కొన్ని ఎంపికలు ఉన్నాయి. ఒకటి పొందితే మరొకటి వదులుకోవలసి ఉంటుంది. ఉదాహరణకు ప్లేయర్1లో వరుసకొక రంగు కావాలంటే మిస్సైల్1ను వదులుకోవలెను. గీతకు ఉన్న 76 చక్రాలలో రెండు పనులకూ సమయం చాలకపోవడమే దీనికి కారణం.

ప్రామాణిక కెర్నెల్ కాక మరికొన్ని కెర్నెళ్ళు ఉన్నాయి. మల్టీస్ప్రైట్ కెర్నెల్‌లో ఆరు ప్లేయర్ వస్తువులను చూపవచ్చును. ఒకే టియా వస్తువును తెరపై వేర్వేరు ఎత్తులలో మళ్ళీ మళ్ళీ వాడుకొనడం ఇందులోని కిటుకు. వస్తువులు ఒకే ఎత్తుకు చేరినప్పుడు అవి మినుకుమినుకుమంటూ కనిపిస్తాయి. డీపీసీ ప్లస్ కెర్నెల్‌లో పది వరకు వస్తువులు సాధ్యమవుతాయి. డేవిడ్ క్రేన్ పిట్‌ఫాల్ 2 ఆట కొరకు రూపొందించిన డీపీసీ చిప్ పేరు నుండి ఈ పేరు వచ్చింది. దీనికి కార్ట్రిడ్జ్‌లో సహాయక ప్రాసెసర్ అవసరం.

ప్రోగ్రాము 4 కిలోబైట్లు దాటితే బ్యాంకు మార్పిడి అనే పద్ధతి వాడతారు. ప్రోగ్రామును 4 కిలోబైట్ల భాగాలుగా విభజించి, ఒక సమయంలో ఒక భాగాన్ని మాత్రమే ప్రాసెసర్‌కు కనబరచడం ఈ పద్ధతి. దీనితో 8, 16, 32 కిలోబైట్ల ఆటలు వ్రాయవచ్చును. కార్ట్రిడ్జ్‌లో మరో 128 బైట్ల మెమరీని చేర్చే సూపర్‌చిప్ పద్ధతి కూడా వాడుకలో ఉన్నది.

క్రిస్ స్ప్రై వ్రాసిన ప్రిన్సెస్ రెస్క్యూ (2013) బటారీ బేసిక్‌లో వచ్చిన పెద్ద ఆటలలో పేర్కొనదగినది. అటారీ 2600పై తెర పక్కకు జరుగుతూ సాగే ఆటను ఈ భాషలో నిర్మించవచ్చునని అది నిరూపించింది.

పరీక్షించుట

తయారైన ఆటను పరీక్షించడానికి స్టెల్లా అనే ఎమ్యులేటర్‌ను విరివిగా వాడతారు. కంప్యూటరుపై అటారీ 2600 వలె ప్రవర్తించే ప్రోగ్రాము ఇది. దీనిని బ్రాడ్‌ఫర్డ్ మాట్ 1990లలో ప్రారంభించాడు. యంత్రానికి రూపకల్పన దశలో ఉన్న రహస్య నామం స్టెల్లా. అది జో డెక్యూర్ సైకిల్ పేరు. ఎమ్యులేటర్‌కు ఆ పేరే పెట్టబడింది. ఒక్కొక్క చిత్రంలో ఎన్ని గీతలు ఉన్నవో స్టెల్లా చూపిస్తుంది. ఈ సంఖ్య నిలకడగా ఉన్నదో లేదో ఆట వ్రాసేవారు తరచు గమనించవలెను.

ఎమ్యులేటర్‌లో చక్కగా నడిచిన ఆట అసలు యంత్రంలో కూడా నడుస్తుందని గట్టిగా చెప్పలేము. ఎమ్యులేటర్ చిన్న చిన్న దోషాలను మన్నించవచ్చును, పాత టెలివిజన్ మన్నించకపోవచ్చును. అందువలన జ్ఞాపక కార్డు అమర్చే హార్మొనీ వంటి ప్రత్యేక కార్ట్రిడ్జ్‌ల సహాయంతో అసలు యంత్రంపై కూడా పరీక్షిస్తారు. హార్మొనీ రూపకల్పనలో కూడా ఫ్రెడ్ క్వింబీ పాలుపంచుకొన్నాడు.

ఐరోపా దేశాలలోను, భారతదేశంలోను వాడిన పాల్ పద్ధతిలో చిత్రానికి 312 గీతలు, సెకనుకు 50 చిత్రాలు ఉంటాయి. రంగుల సంకేతాలు కూడా వేరు. ఎన్‌టీఎస్‌సీ కొరకు వ్రాసిన ఆటను మార్చకుండా పాల్ పద్ధతికి తెస్తే రంగులు మారిపోతాయి, వేగం తగ్గుతుంది. బటారీ బేసిక్‌లో పాల్ పద్ధతిని ఎంచుకొనే ఆదేశం కలదు. కాని రంగుల విలువలను, వేగాన్ని ఆట వ్రాసినవాడే సరిచేసుకోవలెను.

పరిమితులు, విమర్శలు

అసెంబ్లీ భాషలో వ్రాసిన ఆటలతో పోలిస్తే బటారీ బేసిక్ ఆటలు ఒకదానినొకటి పోలి ఉంటాయని ఒక విమర్శ ఉన్నది. పెద్ద గళ్ళ నేపథ్యం, తెర క్రింద స్కోరు చూడగానే ఇది ఈ భాషలో వ్రాసిన ఆట అని అనుభవజ్ఞులు గుర్తించగలరు. ఇందులో వాస్తవం లేకపోలేదు. యంత్రంలోని ప్రతి చక్రాన్ని సొంతంగా వాడుకొనదలచినవారికి అసెంబ్లీ భాషే తగినది. ఎడ్ ఫ్రైస్ 2010లో విడుదల చేసిన హేలో 2600 అటువంటి ఆట. 2013లో దానిని అమెరికాలోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం తన సేకరణలో చేర్చుకొన్నది.

అయితే ఆటకు విలువ అది వ్రాయబడిన భాష వలన రాదు. ఆడేవానికి కలిగే ఆనందం నియమాల కూర్పు నుండి, కష్టసుఖాల పాళ్ళ నుండి వస్తుంది. కెర్నెల్ భారం తొలగినందువలన ఆ కూర్పుపై మనస్సు పెట్టడానికి బటారీ బేసిక్ అవకాశమిస్తుంది. ఈ భాషతో మొదలుపెట్టి, మధ్యలో అసెంబ్లీ పంక్తులు చేర్చడం నేర్చుకొని, చివరకు సొంత కెర్నెళ్ళు వ్రాయగల స్థాయికి చేరడానికి కూడా మార్గం తెరిచి ఉన్నది.

చట్టపరమైన విషయాలు

అటారీ 2600లో అనుమతి లేని కార్ట్రిడ్జ్‌లను నిరోధించే తాళం ఏదీ లేదు. 1979లో అటారీ నుండి వెలుపలికి వచ్చిన ప్రోగ్రామర్లు యాక్టివిజన్ సంస్థను నెలకొల్పి ఈ యంత్రానికే ఆటలు అమ్మగలగడానికి ఇది ఒక కారణం. తరువాత వచ్చిన నింటెండో ఎన్ఈఎస్ యంత్రంలో అటువంటి నిరోధక చిప్ అమర్చబడినది. ఇతరుల యంత్రాలకు ఆటలు తయారుచేయడానికి అవసరమైన మేరకు వాటి ప్రోగ్రాములను విప్పి పరిశీలించడం న్యాయమైన వినియోగమేనని 1992లో సెగా, అక్కలేడ్ సంస్థల వివాదంలో అమెరికా అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది.

అయితే యంత్రానికి ఆట వ్రాసే స్వేచ్ఛ వేరు, ఇతరుల పాత్రలను, పేర్లను, బొమ్మలను వాడుకొనే హక్కు వేరు. ప్రసిద్ధమైన ఆటకు అభిమానంతో చేసిన అనుకరణ అయినా, హక్కుదారు అభ్యంతరం తెలిపితే పంపిణీ ఆపవలసి రావచ్చును. ఎన్నో నెలల శ్రమ ఈ విధంగా వృథా కాకుండా ఉండాలంటే సొంత కథను, సొంత పాత్రలను ఎంచుకొనడం క్షేమం.

ఇతర కన్సోళ్ళకు ఇటువంటి సాధనాలు

* అటారీ 7800: 7800 బేసిక్. బటారీ బేసిక్ బాటలోనే రూపొందినది.
* ఇంటెలివిజన్: ఇంటీబేసిక్. రూపకర్త ఆస్కార్ తొలెదో.
* ఎన్ఈఎస్: సీ భాషలో వ్రాయడానికి సీసీ65 కంపైలర్.
* గేమ్ బాయ్: సీ భాషకు జీబీడీకే. ప్రోగ్రామింగ్ అవసరం లేకుండా బొమ్మలు, ఘట్టాలు అమర్చడం ద్వారా ఆట తయారుచేయడానికి జీబీ స్టూడియో (2019). దీని రూపకర్త క్రిస్ మాల్ట్‌బీ.
* సెగా మెగా డ్రైవ్: సీ భాషకు ఎస్‌జీడీకే. రూపకర్త స్టెఫాన్ దలోంజ్‌విల్.

యంత్రం శక్తి పెరిగేకొద్దీ ఉన్నత స్థాయి భాష వలన కలిగే నష్టం తగ్గుతుంది. మెగా డ్రైవ్‌లో 64 కిలోబైట్ల ముఖ్య మెమరీ, చిత్రాన్ని స్వయంగా గీసే చిప్ ఉన్నాయి. అందుచేత అక్కడ సీ భాష వాడినా ప్రోగ్రామరుకు గీతల లెక్కతో నిమిత్తం లేదు. 128 బైట్ల అటారీ 2600లో ఉన్నత స్థాయి భాష సాధ్యం కావడం అందుకే విశేషంగా పరిగణించబడుతుంది.

ప్రస్తుత స్థితి

బటారీ బేసిక్ ఉచితంగా లభిస్తుంది. దాని మూలసంకేతం కూడా బహిరంగంగా ఉన్నది. తొలి రూపకర్త తరువాత ఇతర స్వచ్ఛంద కార్యకర్తలు దీనిని మెరుగుపరుస్తున్నారు. ప్రోగ్రాము వ్రాయడం, కంపైల్ చేయడం, ఎమ్యులేటర్‌లో నడపడం ఒకేచోట జరిగేందుకు విజువల్ బటారీ బేసిక్, అటారీ డెవ్ స్టూడియో వంటి సాధనాలు వచ్చాయి. 2023 నవంబరులో పాత కార్ట్రిడ్జ్‌లను స్వీకరించే అటారీ 2600 ప్లస్ అనే కొత్త యంత్రం విడుదల కావడంతో ఈ ఆటలపై ఆసక్తి మరింత పెరిగింది.

విద్యా ప్రయోజనం

నేటి కంప్యూటర్లలో మెమరీ, వేగం విస్తారంగా ఉండుట వలన అవి వ్యయమవుతున్నట్లు విద్యార్థికి తెలియదు. బటారీ బేసిక్‌లో ప్రతి బైటుకూ లెక్క చెప్పవలెను. ద్విసంఖ్యామానం, బైటు పరిమితి, బిట్లతో పని, కాల నియంత్రణ వంటి పాఠాలు ఇందులో సూత్రాలుగా కాక తెరపై కనిపించే ఫలితాలుగా ఎదురవుతాయి. 255 తరువాత 0 ఎందుకు వస్తుందో అంచు దాటి మాయమైన పక్షిని చూసిన విద్యార్థికి వేరుగా చెప్పనక్కరలేదు. దీనికి కావలసినవి ఒక సాధారణ కంప్యూటరు, ఉచితంగా లభించే ఈ సాధనం, ఒక ఎమ్యులేటర్ మాత్రమే. అసలు యంత్రం లేకపోయినా అభ్యాసానికి ఆటంకం లేదు.

ఇవి కూడా చూడండి

* అటారీ 2600
* బేసిక్ (ప్రోగ్రామింగ్ భాష)
* అసెంబ్లీ భాష
* కంపైలర్
* ఎమ్యులేటర్
* ద్విసంఖ్యామానం